ప్రశ్నావళి నుంచి ప్రభుత్వ ఉత్తర్వు దాకా

ప్రభుత్వం ఒక పథకాన్ని ప్రకటించినా, మార్చినా, మధ్యలో ఆపేసినా ఆ నిర్ణయానికి ఏదో ఒక అంకె ఆధారంగా ఉంటుంది. ఆ అంకె ఒక సర్వే నుంచి వస్తుంది. ఆ సర్వే కోసం ప్రశ్నావళి పట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగినవారు కొందరుంటారు. నిర్ణయం ప్రకటించిన మంత్రి పేరు పత్రికల్లోనూ, అంకెను విశ్లేషించిన ఆచార్యుడి పేరు పరిశోధన పత్రం మీదా కనిపిస్తే, దాన్ని రాబట్టినవారి పేర్లు ఆ పత్రం మొదటి పుట అడుగున సన్నని అక్షరాల కృతజ్ఞతల వరుసలో ఉండిపోతాయి. ఆర్థిక శాస్త్రంలో రిసెర్చ్ అసిస్టెంట్లు అని పిలిచే ఈ పరిశోధన సహాయకులు ఏం చేస్తారు, చదువు నడుస్తుండగానో ముగిసిన వెంటనేనో కొన్ని నెలల శిక్షణగా, అంటే ఇంటర్న్‌షిప్‌గా, ఆ పనిలో చేరినవారికి ఏం అబ్బుతుంది, ఆ పని ప్రజా విధానాన్ని ఎక్కడ తాకుతుంది అన్నవి ఢిల్లీకో అమెరికాకో వెళ్లి తెలుసుకోవలసిన సంగతులు కావు. దేశంలో పేరుపడ్డ కొన్ని ఆర్థిక పరిశోధనలకు క్షేత్రమైన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలనూ, పాత కరీంనగర్‌కే చెంది పసుపు, వరి, మక్క పంటల మీదా, బీడీల మీదా, గల్ఫ్ సంపాదన మీదా బతుకుతున్న మెట్‌పల్లి ప్రాంతాన్నీ చూస్తే ఈ ప్రశ్నలకు జవాబులు చాలావరకు దొరుకుతాయి.

పరిశోధన సహాయకుడి పనిలో రెండు పాయలున్నాయి. మొదటిది క్షేత్రంలో జరిగేది: ప్రశ్నావళి తయారు చేయడం, దాన్ని కొన్ని ఇళ్లలో ముందుగా అడిగి చూసి లోపాలు దిద్దడం, సర్వే చేసేవారికి తర్ఫీదు ఇవ్వడం, వారు రాసుకొచ్చిన జవాబుల్లో కొన్నింటిని ఎంచుకుని మళ్లీ అదే ఇంటికి వెళ్లి సరిచూడడం. రెండోది కంప్యూటర్ ముందు జరిగేది: వచ్చిన సమాచారాన్ని శుభ్రం చేయడం, అంటే ఒకే కుటుంబం రెండుసార్లు నమోదైందా, వయసు గడిలో ఆదాయం పడిందా, ఎవరూ జవాబివ్వని ప్రశ్నకు సున్నా వేశారా అని వెతికి సరిచేయడం, ఆ తర్వాత స్టాటా, ఆర్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్లలో పట్టికలు తీయడం, పాత పరిశోధనలు చదివి సారాంశం రాయడం. బయటివారికి ఇందులో మేధోశ్రమ ఉన్నట్టు తోచదు గానీ, ఆర్థిక శాస్త్రంలో చిక్కుముడులు అధికభాగం ఈ శుభ్రం చేసే దశలోనే బయటపడతాయి.

అందుకు తెలంగాణ భూముల లెక్కే మంచి తార్కాణం. ఆంధ్ర ప్రాంతంలో ఎకరానికి 100 సెంట్లు కాగా తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. పట్టాదారు పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే అది రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆ సంగతి తెలియని ఇంటర్న్ అంకెను ఉన్నదున్నట్టు నమోదు చేస్తే కంప్యూటర్ దాన్ని దశాంశంగానే తీసుకుంటుంది. రెండున్నర ఎకరాల రైతు రెండు ఎకరాల పైన అయిదో వంతు మాత్రమే ఉన్నవాడవుతాడు. ఎకరానికి 4,000 రూపాయల చొప్పున ప్రభుత్వం సాయం చేసే పథకంలో ఆ రైతుకు రావలసినది 10,000 రూపాయలు కాగా పట్టికలో అది 8,800గా లెక్కకొస్తుంది. పట్టికలో అలాంటి రైతులు వేల సంఖ్యలో ఉన్నప్పుడు, ప్రభుత్వం ఇవ్వవలసినదానికంటే ఎక్కువ ఇచ్చిందని, ఎక్కడో అవినీతి జరిగిందని ఆ పరిశోధన తేల్చే ప్రమాదం ఉంటుంది. ఎంత పెద్ద విశ్వవిద్యాలయంలో చదివినా ఈ తప్పు పట్టుబడకపోవచ్చు. మెట్‌పల్లి పక్క ఊళ్లో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన డిగ్రీ విద్యార్థికి మాత్రం పాసుపుస్తకం చూడగానే తెలిసిపోతుంది. వానాకాలం, యాసంగి అని అడగకుండా ఖరీఫ్, రబీ అని అడిగే ప్రశ్నావళి, కౌలునూ పాలునూ ఒకే గడిలో వేసే ప్రశ్నావళి, ధాన్యం తూకంలో మిల్లరు తీసిన తరుగును అడగకుండా అమ్మిన బస్తాల సంఖ్య మాత్రమే అడిగే ప్రశ్నావళి ఇలాంటి తప్పులనే పుట్టిస్తాయి.

జవాబు చెప్పేవారి మనసు కూడా ఈ లెక్కలో భాగమే. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిపినప్పుడు, ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు, పింఛను పోతాయన్న భయంతో ముంబై, భివండీల్లో ఉన్నవారు సైతం బస్సులు, రైళ్లు పట్టుకుని ఊళ్లకు చేరారు. సర్వేకూ పథకానికీ లంకె ఉందని జనం నమ్మినప్పుడు భూమి తగ్గించి చెప్పడం, ఉమ్మడి కుటుంబాన్ని వేరు కుటుంబాలుగా చూపడం, గల్ఫ్ నుంచి వచ్చే సొమ్మును దాచడం సహజం, దాన్ని అబద్ధం అనడం కూడా అన్యాయమే. అందుకే పరిశోధన సర్వేల్లో ముందుగా ఈ జవాబుల వల్ల ఏ పథకమూ రాదు, ఉన్నదేదీ పోదు, పేరు బయటికి పొక్కదు అని వివరించి సమ్మతి తీసుకోవడం తప్పనిసరి నియమం. ఆ మాటలు కాగితం మీద చూసి చదవడం వేరు, అవతలివారు నమ్మేలా చెప్పడం వేరు. ఇంటర్న్ నేర్చుకోవలసిన మొదటి విద్య ఈ రెండోదే.

ఉత్తర తెలంగాణలో జరిగిన పరిశోధనల్లో విధానం మీద ప్రభావం స్పష్టంగా కనిపించేది స్మార్ట్ కార్డుల అధ్యయనం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ డబ్బులు, సామాజిక పింఛన్లు అంతకుముందు పోస్టాఫీసుల ద్వారానో స్థానిక సిబ్బంది చేతుల మీదుగానో అందేవి. కూలీ చేసిన మనిషికి డబ్బు ఆలస్యం కావడం, చేయని పనికి దొంగ పేర్లతో బిల్లులు లేవడం అప్పట్లో మామూలు ఫిర్యాదులు. వేలిముద్రతో గుర్తించి ఊళ్లోనే చెల్లించే స్మార్ట్ కార్డులను ప్రభుత్వం ప్రవేశపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదిలాబాద్, ఖమ్మం, నల్గొండ, అనంతపురం, కడప, కర్నూలు, నెల్లూరు, విజయనగరం అనే 8 జిల్లాల్లో ఏ మండలాలకు కార్డులు ముందు రావాలి, ఏ మండలాలకు తర్వాత రావాలి అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించడం ఆ ఒప్పందం సారాంశం. దీన్ని యాదృచ్ఛిక ప్రయోగం అంటారు: చీటీ తీసి పంచితే ముందు కార్డు వచ్చిన మండలాలకూ తర్వాత వచ్చిన మండలాలకూ మధ్య సగటున మరే తేడా ఉండదు కాబట్టి, రెండేళ్ల తర్వాత కనిపించే తేడా కార్డుల వల్లనే వచ్చిందని ధైర్యంగా చెప్పవచ్చు. 157 మండలాల్లో, దాదాపు 1 కోటి 90 లక్షల జనాభా మధ్య జరిగిన ఈ ప్రయోగం ప్రపంచంలో ఈ కోవకు చెందిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి.

ఇక్కడ సహాయకుల పని ఎక్కడుందో చూడాలి. సొమ్ము ఎంత దారి మళ్లిందో తేల్చాలంటే ప్రభుత్వ రికార్డులో ఒక కుటుంబం ఫలానా వారాల్లో చేసినట్టు ఉన్న పనినీ, ఆ కుటుంబం నోట వచ్చిన మాటనూ పక్కపక్కన పెట్టాలి. దానికి జాబ్ కార్డు మీద పేరున్న మనిషి నిజంగా ఊళ్లో ఉన్నాడా, వలస పోయాడా, చనిపోయాడా, అసలు పుట్టనే లేదా అన్నది ఇంటింటికీ తిరిగి కనుక్కోవాలి. వారాల కిందట చేసిన పనిని పండుగలూ నాట్లూ కోతలూ గుర్తు చేస్తూ రాబట్టాలి. అలా పోగైన లెక్కల ప్రకారం కార్డులు వచ్చిన మండలాల్లో కూలీ డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం అయిదో వంతు తగ్గింది, చెల్లింపులో జాప్యం 29 శాతం తగ్గింది, ఉపాధి హామీ ద్వారా కుటుంబాలకు చేరిన ఆదాయం 24 శాతం పెరిగింది, దారి మళ్లే సొమ్ము 41 శాతం తగ్గింది. ప్రభుత్వం పెట్టిన ఖర్చు మాత్రం పెరగలేదు. 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో అచ్చయిన ఈ ఫలితాల్లో విధానకర్తలకు అన్నిటికంటే పనికొచ్చింది మరొకటి: లబ్ధిదారుల్లో 90 శాతానికి పైగా పాత పద్ధతి కంటే కార్డులనే కోరుకున్నారు. ఆదాయం పోగొట్టుకున్న కింది స్థాయి వ్యక్తుల ఫిర్యాదులు పైకి త్వరగా చేరతాయి, లాభపడ్డ కూలీల సంతృప్తి ఎవరి బల్ల మీదికీ చేరదు. ఒక దశలో ఈ పథకాన్ని ఎత్తివేసే ఆలోచన దాకా వెళ్లిన ప్రభుత్వం ముందు కూలీల మాటను అంకెల రూపంలో పెట్టింది ఈ సర్వేయే. అదే ప్రయోగం మీద 2023లో ఎకనోమెట్రికాలో వచ్చిన మరో పత్రం, ఉపాధి హామీ సక్రమంగా నడిచిన మండలాల్లో లబ్ధిదారుల ఆదాయం 14 శాతం పెరిగిందని, ఆ పెరుగుదలలో 86 శాతం పథకం బయటి పనుల నుంచే వచ్చిందని చూపింది. ప్రభుత్వ పని కచ్చితంగా దొరుకుతుందంటే బయటి కూలి రేటు కూడా పెరుగుతుందన్న పల్లె అనుభవానికి ఇలా ఒక కొలత దొరికింది.

రెండో ఉదాహరణ మెట్‌పల్లికి మరింత దగ్గరిది. 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ మండలంలో రైతుబంధు పథకం మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు ఊరూరా పంచారు. 57 లక్షల మంది రైతులకు చేరవలసిన ఆ చెక్కుల పంపిణీని వ్యవసాయ అధికారులు ఎంత బాగా చేస్తున్నారో తెలుసుకోవడానికి స్మార్ట్ కార్డుల అధ్యయనం చేసిన ముగ్గురూ, జెఫ్రీ వీవర్ అనే మరో ఆర్థికవేత్తా కలిసి ఒక తేలిక మార్గం ఎంచుకున్నారు: కొన్ని ప్రాంతాలను లాటరీ ద్వారా ఎంచి, అక్కడి అధికారులకు మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో అడుగుతాం అని ముందే చెప్పారు. అంతకుమించి శిక్ష లేదు, బహుమతీ లేదు. అయినా ఆ ప్రాంతాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతుకు చేరిన ప్రతి 100 రూపాయలకు ఈ ఫోన్ల పర్యవేక్షణకు అయిన ఖర్చు 3 రూపాయల 60 పైసలు. ఇంత చిన్న ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పద్ధతి ప్రతి పథకానికీ ఎందుకు అమలు కావడం లేదన్నది పరిశోధకులు జవాబు చెప్పవలసిన ప్రశ్న కాదు, ప్రభుత్వాలు చెప్పవలసినది. రైతుబంధు పట్టాదారుకే గానీ కౌలు రైతుకు కాదన్న విధాన లోపం ఈ ప్రయోగం పరిధిలోకి రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పథకం రాసినట్టుగా అమలవుతోందా అన్నది ఒక ప్రశ్న, సరిగ్గా రాశారా అన్నది వేరొక ప్రశ్న, ప్రయోగాలు మొదటిదానికి జవాబు చెప్పినంత తేలికగా రెండోదానికి చెప్పలేవు.

ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పేది మరో సంప్రదాయం, గ్రామ అధ్యయనాల సంప్రదాయం, దానికి తెలంగాణలో చాలా పాత చరిత్ర ఉంది. నిజాం పాలనలోనే 1929-30లో ఎస్. కేశవ అయ్యంగార్ హైదరాబాద్ రాజ్యంలోని పల్లెల అప్పులు, పంటలు, ఆదాయాల మీద విచారణ జరిపి సంపుటాలుగా ప్రచురించారు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ 1975 నుంచి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు సహా ఆరు గ్రామాల్లో నిర్వహించిన అధ్యయనం పద్ధతిలో విశిష్టమైనది. వ్యవసాయ ఆర్థిక శాస్త్రం చదివిన, స్థానిక భాష వచ్చిన పరిశోధన సహాయకులు ఆ గ్రామాల్లోనే కాపురముండి, కొన్ని వారాలకొకసారి అవే ఇళ్లకు వెళ్లి పంట, కూలి, అప్పు, తిండి ఖర్చుల లెక్కలు ఏళ్ల తరబడి రాశారు. రాబర్ట్ టౌన్సెండ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1994లో ఆ లెక్కలతోనే, కరువు వచ్చినప్పుడు ఒక ఇంటి ఆదాయం పడిపోయినంతగా ఆ ఇంటి తిండి పడిపోదని, బంధువులు, ఇరుగుపొరుగు, అప్పుల ద్వారా ఊరు కొంతవరకు ఆ దెబ్బను పంచుకుంటుందని చూపారు. ఒక ఊళ్లో భూమి లేని కూలీలకు ఆ రక్షణ తక్కువని కూడా ఆ పత్రంలోనే ఉంది. ప్రపంచమంతా పాఠ్యాంశంగా చదివే ఆ పత్రానికి ముడిసరుకు మహబూబ్‌నగర్ పల్లెతో సహా ఆ ఊళ్లలో రాసుకున్న నోటు పుస్తకాలు.

కరీంనగర్ జిల్లాకు ఈ సంప్రదాయంలో తనదైన గ్రామం ఉంది. వి.కె. రామచంద్రన్, వికాస్ రావల్, మధుర స్వామినాథన్ 2005-06లో గుంటూరు జిల్లా అనంతవరం, అనంతపురం జిల్లా బుక్కచెర్లతో పాటు కరీంనగర్ జిల్లా కొత్తపల్లెలో ప్రతి ఇంటినీ సర్వే చేసి 2010లో పుస్తకంగా తెచ్చారు. నమూనాగా కొన్ని ఇళ్లను మాత్రమే ఎంచుకునే సర్వేలో ఊళ్లోని ఒకటి రెండు పెద్ద కమతాలు, ఒకటి రెండు అత్యంత పేద ఇళ్లు జారిపోవచ్చు. ఊరంతటినీ లెక్కించినప్పుడు భూమి ఎవరి చేతిలో ఎంత ఉందన్నది దాచడానికి వీల్లేకుండా బయటపడుతుంది. అందుకే కౌలు, కూలి, కులం గురించిన వాదాల్లో ఈ మూడు ఊళ్ల ప్రస్తావన వస్తూనే ఉంటుంది.

సమాచారాన్ని విధానంగా మార్చిన మనిషి కూడా ఈ జిల్లావారే. 1929లో కరీంనగర్ జిల్లాలో పుట్టిన ప్రొఫెసర్ చెన్నమనేని హనుమంతరావు ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ గ్రోత్‌లో పనిచేస్తూ, వ్యవసాయ క్షేత్రాల సర్వేల లెక్కలతో ఉత్పత్తి, ఖర్చు, రాబడుల సంబంధాన్ని విశ్లేషించి 1965లో గ్రంథం వెలువరించారు. తర్వాత ప్రణాళికా సంఘం సభ్యులయ్యారు. 2004లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక సంఘం 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగానే కేంద్ర ప్రభుత్వం వాటర్‌షెడ్ పథకాల మార్గదర్శకాలు రూపొందించి 1995 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. వాటర్‌షెడ్ అంటే ఒకే వాలులో నీరు ప్రవహించి ఒకచోట చేరే భూభాగం. దాదాపు 500 హెక్టార్ల అలాంటి భూభాగాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, పనులను ఊరివారి సంఘానికే అప్పగించాలన్నది ఆ మార్గదర్శకాల ప్రాణం. మెట్ట పొలాల్లో కట్టిన రాతి కట్టలు, చెక్ డ్యాములు చూసిన ప్రతి రైతూ ఆ నివేదిక ఫలితాన్ని చూసినట్టే. ఆయన సోదరుడు విద్యాసాగరరావు మెట్‌పల్లి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు కావడంతో ఆ ఇంటి పేరు ఇక్కడ రాజకీయాల్లోనే ఎక్కువ వినిపిస్తుంది గానీ, అన్నగారి గణాంకాలు దేశానికి చేసిన మేలు తక్కువది కాదు.

ఇక విధానంతో మరీ నేరుగా ముడిపడ్డ లెక్క సాగు ఖర్చుల లెక్క. 1965లో ఏర్పడిన వ్యవసాయ ధరల సంఘం, ఇప్పటి పేరుతో వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్, ఏటా వరి, మక్కలు వంటి పంటలకు మద్దతు ధరను సిఫారసు చేస్తుంది. దానికి ఆధారం 1970-71 నుంచి వ్యవసాయ విశ్వవిద్యాలయాల ద్వారా నడుస్తున్న సాగు ఖర్చుల సర్వే. క్షేత్ర సహాయకులు ఎంపిక చేసిన రైతుల వెంట ఉండి విత్తనం, ఎరువు, కూలి, ట్రాక్టరు, డీజిల్ ఖర్చులను ఏడాది పొడవునా రాస్తారు. రైతు చేతి నుంచి పోయిన ఖర్చును ఏ2 అంటారు, దానికి ఇంటిల్లిపాది శ్రమకు కట్టిన కూలిని కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ అవుతుంది, సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2 అవుతుంది. కేంద్రం 2018-19 బడ్జెట్‌లో ప్రకటించిన ఒకటిన్నర రెట్ల మద్దతు ధర ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ మీద లెక్కించినది; రైతు సంఘాలు అడుగుతున్నది సీ2 మీద. ఇంటి ఆడవారు కలుపు తీసిన రోజులు ఎన్ని, వాటికి ఏ కూలి రేటు కట్టాలి అని సర్వే కాగితం మీద రాసే సహాయకుడికి తన పెన్ను దేశంలోని మద్దతు ధరను అటూ ఇటూ జరపగలదని తెలిసి ఉండాలి.

మెట్‌పల్లి రైతుకు దక్కని లెక్క కూడా ఇదే. మద్దతు ధర పంటల జాబితాలో పసుపు లేదు. ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండి, తవ్విన తర్వాత ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి, కొమ్మునూ మండనూ వేరు చేసి మార్కెట్‌కు చేరే ఈ పంటలో విత్తనానికీ కూలికీ పెట్టే ఖర్చు వరి ఖర్చుతో పోల్చదగ్గది కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మద్దతు ధర, పసుపు బోర్డు కోరుతూ 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ స్థానంలో నామినేషన్లు వేసి బరిలో నిలవగా, మొత్తం అభ్యర్థుల సంఖ్య 185కు చేరి ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు పెట్టవలసి వచ్చింది. మెట్‌పల్లి ఉన్న కోరుట్ల శాసనసభ నియోజకవర్గం ఆ లోక్‌సభ స్థానంలోనిదే. జాతీయ పసుపు బోర్డును కేంద్రం 2023 అక్టోబరులో నోటిఫై చేసి, 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభించింది. బోర్డు వచ్చింది గానీ ధర అడగడానికి రైతు చేతిలో ఉండవలసిన ఆయుధం, అంటే ఏటా ఒకే పద్ధతిలో, బయటివారు కూడా ఒప్పుకునేలా తయారైన ఎకరా ఖర్చు లెక్క, మద్దతు ధర పంటలకు ఉన్నంత బలంగా పసుపుకు లేదు.

గల్ఫ్ వలసది కూడా ఇలాంటి కథే. కేరళలో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ తరఫున కె.సి. జకరియా, ఎస్. ఇరుదయ రాజన్ 1998లో మొదలుపెట్టిన వలస సర్వే కొన్నేళ్లకొకసారి వేల ఇళ్లలో జరుగుతూ వస్తోంది కాబట్టి, ఎందరు పోయారు, ఎందరు తిరిగొచ్చారు, ఎంత పంపారు అన్నది ఆ రాష్ట్ర బడ్జెట్ చర్చలో అందరికీ తెలిసిన లెక్క అయింది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయాన్ని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వుగా తేవడం మంచి అడుగే. తిరిగొచ్చినవారి అప్పు, జబ్బు, ఉపాధి గురించి విధానం చేయాలంటే మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో కేరళ తరహాలో విడవకుండా జరిగే సర్వే కావాలి. బీడీ కార్మికుల పింఛనుకు పి.ఎఫ్. ఖాతాను ప్రమాణంగా పెట్టినప్పుడు కూడా, ఖాతా లేకుండానే ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన ఆడవారు ఎందరన్నది ముందు లెక్క తీసి ఉంటే ప్రమాణం వేరుగా ఉండేదేమో.

పరిశోధన బయటికి వస్తే విధానం దానంతటదే మారుతుందని ఇంటర్న్ అనుకోరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి 5 జిల్లాల్లోని 500 ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన ప్రయోగంలో, పిల్లల చదువు మెరుగుపడినదాన్ని బట్టి ఉపాధ్యాయులకు చిన్న బోనస్ ఇచ్చిన బడుల్లో పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందుకు పోయారని రెండేళ్లలోనే తేలింది. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రయోగమైనా ఆ బోనస్ రాష్ట్రమంతటా విధానంగా అమలు కాలేదు. ఉపాధ్యాయ సంఘాలు, సర్వీసు నిబంధనలు, బడ్జెట్ అన్నీ ఒప్పుకోవాలి; అంకె ఒక్కటే చాలదు. దానికి విరుద్ధంగా, తప్పు అంకె విధానాన్ని ఊపేసిన సందర్భమూ ఉంది. అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతం దాటితే వృద్ధి కుంగిపోతుందని 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ రాసిన పత్రాన్ని ఐరోపా, అమెరికా నాయకులు ఖర్చుల కోతకు ఆధారంగా చూపారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి తరగతి అభ్యాసంగా ఆ లెక్కను మళ్లీ వేసి చూస్తే, ఎక్సెల్ పట్టికలో 5 దేశాలు సగటు నుంచి జారిపోయాయని బయటపడింది. ఆ తప్పునూ, సగటు కట్టిన పద్ధతిలోని ఇతర లోపాలనూ సరిచేసిన తర్వాత, అప్పు 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం నుంచి 2.2 శాతానికి మారింది. మహామహుల పట్టికను మళ్లీ లెక్క కట్టే ఓపిక పరిశోధన సహాయకుడికి ఉండవలసిన ముఖ్య గుణం.

ఇంత అవసరమైన పనికి ఎవరు వస్తున్నారన్నది ఇబ్బందికరమైన ప్రశ్న. నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్ ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా ఉంటుంది, దానికి వేతనం లేదు. ఢిల్లీలో గది అద్దె, తిండి ఖర్చు సొంతంగా భరించగల ఇంటి పిల్లలకే అది అందుబాటులో ఉంటుందని చెప్పడానికి పరిశోధన అక్కర లేదు. రిజర్వ్ బ్యాంకు వేసవి ఇంటర్న్‌షిప్‌లో నెలకు 20,000 రూపాయలు ఇస్తారు గానీ అది పి.జి. స్థాయి విద్యార్థులకు, పరిమిత సంఖ్యలోనే. పరిశోధన సంస్థల ప్రకటనలు ఆంగ్లంలో వస్తాయి, వాటి ఎంపికలో పేరున్న కళాశాలల పిల్లలు ముందుంటారు. ఆ పిల్లలు మెట్‌పల్లికి సర్వేకు వచ్చినప్పుడు గుంట అంటే ఏమిటో చెప్పడానికి అదే ఊరి పిల్లలను దినకూలి మీద తీసుకుంటారు. ఆ దినకూలి మీద వచ్చిన యువకుడే ఆ పట్టికను శుభ్రం చేయగలిగితే పరిశోధన నాణ్యత పెరుగుతుంది.

అందుకు తలుపులు పూర్తిగా మూసుకుని లేవు. ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆన్‌లైన్‌లో నడిపే సమాచార విశ్లేషణ, ప్రజా విధానం కోర్సుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. జాతీయ నమూనా సర్వేల ముడి సమాచారాన్ని కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్ నుంచి తీసుకోవచ్చు. డిగ్రీలో ఆర్థిక శాస్త్రం చదువుతున్నవారు గణాంక శాస్త్రాన్ని పక్కన పెట్టకుండా, మార్కెట్ యార్డులో అడ్తిదారులు, దడువాయిలు, హమాలీలు తీసుకునే కోతలన్నీ కలిపి క్వింటాలుకు రైతు చేతికి నికరంగా ఎంత వస్తుందో ఒక సీజను పాటు పట్టిక వేసినా, అది ఏ సంస్థకు దరఖాస్తు చేసినా ధ్రువపత్రాల కంటే ఎక్కువ చెబుతుంది.

విద్యార్థుల చొరవ ఒక్కటే సరిపోదు. హైదరాబాద్ బేగంపేటలో 1980 నుంచి పనిచేస్తున్న ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం, కరీంనగర్‌లో 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం, మెట్‌పల్లి ప్రభుత్వ డిగ్రీ కళాశాల కలిసి, పసుపు తవ్వకాల కాలంలో వేతనంతో కూడిన ఇంటర్న్‌షిప్‌ను నడపాలి. ఎంపిక చేసిన రైతుల ఇళ్లకు అవే ఊళ్ల విద్యార్థులు ఏడాది పొడవునా వెళ్లి ఎకరా ఖర్చును ఏ2 నుంచి సీ2 దాకా రాయాలి. ఆ లెక్కను ఏటా తెలుగులో అచ్చువేయాలి. పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది కాబట్టి ఆ ఖర్చు భరించమని అడగవలసిన మొదటి సంస్థ అదే.